సీఎంఎల్: మాత్ర తప్పకూడదు, పీసీఆర్ లెక్క తప్పకూడదు

సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్‌కు మందు పనిచేయడం లేదని అనుమానం వస్తే ముందు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులు బయటికి తీసి లెక్కపెట్టండి. నెలకు 30 మాత్రలు కొన్నారు, 30వ తేదీన ఎన్ని మిగిలాయి? లండన్ హ్యామర్‌స్మిత్ ఆసుపత్రి డాక్టర్లు 2010లో ప్రచురించిన అధ్యయనంలో 87 మంది రోగుల మందు సీసాల మూతల్లో చిన్న ఎలక్ట్రానిక్ చిప్ పెట్టి, సీసా ఎన్నిసార్లు తెరిచారో 3 నెలలపాటు గమనించారు. వేసుకోవాల్సిన వాటిలో 90 శాతానికి మించి వేసుకున్నవాళ్లలో 94.5 శాతం మందికి ఆరేళ్లలో జబ్బు లోతుగా తగ్గింది. 90 శాతం, అంతకంటే తక్కువ వేసుకున్నవాళ్లలో ఆ అంకె 28.4 శాతమే. 30 రోజుల్లో 3 మాత్రలు ఎగ్గొడితే 90 శాతానికి వచ్చేసినట్టే. అంటే నెలకు మూడు మరుపులు చాలు, మీరు రెండో గుంపులో పడతారు. ఖరీదైన మందుకు మారడం గురించి మాట్లాడుకునే ముందు తేల్చుకోవాల్సిన లెక్క ఇది.

జబ్బు సంగతి

సీఎంఎల్ పూర్తి పేరు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, అది మూలుగలో పుడుతుంది. ఒక మూలకణంలో 9వ, 22వ క్రోమోజోములు విరిగి, వాటి ముక్కలు ఒకదాని చోట ఒకటి అతుక్కుంటాయి. పొట్టిగా మిగిలిన 22వ క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ గుర్తించారు. అందుకే దాన్ని ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అంటారు. ముక్కలు మారిన సంగతి 1973లో జానెట్ రౌలీ తేల్చింది. అతుకు పడ్డచోట బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు తయారై, కట్టేయడానికి వీల్లేని కుళాయిలా తెల్ల కణాలను పుట్టిస్తూనే ఉండే ప్రోటీన్‌ను ఇస్తుంది. ఈ జబ్బుకు రోజూ వేసుకునే మాత్ర ఇమాటినిబ్ వెళ్లి ఆ ప్రోటీన్‌కు శక్తి అందే గూటిలో కూర్చుని కుళాయి కట్టేస్తుంది. మాత్ర ఆగితే కుళాయి మళ్లీ తెరుచుకుంటుంది. రోజూ ఎందుకు వేసుకోవాలో చెప్పడానికి ఇంతకంటే పెద్ద సైన్సు అక్కర్లేదు.

ఎందుకొచ్చిందన్న ప్రశ్నకు గట్టి ఆధారం ఉన్న కారణం ఒక్కటే, భారీ మోతాదులో రేడియేషన్. హిరోషిమా, నాగసాకి బాంబు దాడుల నుంచి బతికి బయటపడ్డవాళ్లలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించింది. మిగతా రోగుల్లో దాదాపు అందరికీ ఫలానా కారణం అని చూపించలేం. తిన్న తిండి వల్ల వచ్చింది కాదు. అంటుకోదు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు రాదు, కాబట్టి పెళ్లి సంబంధాల దగ్గర వంశం మీద నింద వేయడానికి ఆధారం లేదు. పశ్చిమ దేశాల్లో ఎక్కువగా అరవై ఏళ్ల దరిదాపుల్లో వస్తుంటే మన దేశంలో ముప్పైల్లో, నలభైల్లో ఉన్నవాళ్లే ఎక్కువ. ఉద్యోగం, పిల్లలు, ఇంటి అప్పు అన్నీ ఉన్న వయసు అది. మాత్రలు తప్పిపోవడానికి ఆ హడావుడి కూడా ఒక కారణం.

మొదటి మాత్రకు ముందు చేయించాల్సినవి

చాలామందికి ఇది ఏదో మామూలు సీబీపీలో, అంటే రక్తకణాలు లెక్కించే పరీక్షలో బయటపడుతుంది. 11,000 దాటకూడని తెల్ల కణాలు 80,000, లక్షన్నర అని వస్తాయి. ఎడమ డొక్కలో బరువు, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టు ఉండడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రిపూట చెమటలు కూడా ఉండొచ్చు. ఆ డొక్కలో ఉబ్బింది ప్లీహం.

చికిత్స మొదలయ్యాక తిరిగి రాబట్టలేని సమాచారం కొంత ఉంటుంది. దాన్ని ముందే రాయించి పెట్టుకోవాలి. పక్కటెముకల అంచు నుంచి ప్లీహం ఎన్ని సెంటీమీటర్లు కిందికి దిగింది, ప్లేట్‌లెట్లు ఎన్ని, రక్తంలో బ్లాస్టులు, అంటే ఎదగని కణాలు ఎంత శాతం అనేవి వయసుతో కలిపితే జబ్బు ముప్పు ఎంతో చెప్పే సోకల్ స్కోరు వస్తుంది. రెండు వారాలు తెల్ల కణాలను తగ్గించే హైడ్రాక్సీయూరియా వాడాక ప్లీహం తగ్గిపోతుంది, ఆ తర్వాత స్కోరు కట్టినా అర్థం ఉండదు. హడావుడిగా మందు మొదలుపెట్టిన చోట్ల సాధారణంగా పోయేది ఈ కాగితమే.

రెండోది, బీసీఆర్-ఏబీఎల్ ఏ రకమో. చాలామందిలో పీ210 రకం ఉంటుంది. కొద్దిమందిలో పీ190, మరీ అరుదుగా పీ230 ఉంటాయి. పీ210ని మాత్రమే వెతికే పరీక్షలో ఆ అరుదైన రకాలు దొరకవు. రిపోర్టులో "కనబడలేదు" అని వస్తుంది, ఒంట్లో జబ్బు అలాగే ఉంటుంది. అందుకే మొట్టమొదటి రిపోర్టులో ఈ రకం (ట్రాన్స్‌క్రిప్ట్ అని ఉంటుంది) రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే ల్యాబ్‌ను అడగండి.

మూలుగ పరీక్ష ఒకసారి తప్పదు. జబ్బు ఏ దశలో ఉందో, ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ కాకుండా ఇంకేమైనా మార్పులు ఉన్నాయో అందులోనే తేలుతుంది. వీటితోపాటు లివర్, క్రియాటినిన్, యూరిక్ యాసిడ్, షుగర్, ఈసీజీ చేయిస్తారు. హెపటైటిస్ బి పరీక్ష కూడా అడిగి చేయించుకోండి. ఈ మందులతో నిద్రపోతున్న బి వైరస్ లేచే ప్రమాదం ఉంది.

మాత్ర వేసుకునే పద్ధతి

క్రానిక్ దశలో, అంటే జబ్బు ముదరని తొలి దశలో ఇమాటినిబ్ మోతాదు రోజుకు ఒకసారి 400 మి.గ్రా. రోజులో కడుపు నిండా తినే పూట ఏదో దాన్ని ఎంచుకోండి. మనలో చాలామందికి అది మధ్యాహ్నమో రాత్రో. భోజనం సగంలోనో చివర్లోనో మాత్ర వేసుకుని పెద్ద గ్లాసుడు నీళ్లు, అంటే 200 మి.లీ. దాకా తాగాలి. గుటకెడు నీళ్లతో మింగితే మాత్ర అన్నవాహికలో అంటుకుని మంట పెడుతుంది. వేసుకున్న వెంటనే నడుం వాల్చకండి, గంటైనా కూర్చోండి. రాత్రి పదింటికి తిని పది నిమిషాల్లో పడుకునే అలవాటు ఉంటే వికారం రాక మానదు, అలాంటివాళ్లు మధ్యాహ్నానికి మార్చుకోవడం మేలు.

మింగలేనివాళ్లు 400 మి.గ్రా. మాత్రను 200 మి.లీ. మంచినీళ్లలో వేసి, చెంచాతో కలిపి, కరగగానే తాగేయొచ్చు. గ్లాసు అడుగున మిగిలిన దానిలో మళ్లీ కాసిని నీళ్లు పోసి అదీ తాగాలి. గర్భవతులు మాత్ర పొడిని ముట్టుకోకూడదు.

మర్చిపోయి అదే రోజు గుర్తొస్తే తిని వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే నిన్నటిది పోయినట్టే. రెండు కలిపి వేసుకోకూడదు. మాత్ర వేసుకున్నాక వాంతి అయితే, బయటపడ్డదాంట్లో మాత్ర కంటికి కనిపిస్తే తప్ప ఇంకోటి వేసుకోవద్దు.

మరుపుకు మందు క్యాలెండర్. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లోనే తేదీ పక్కన టిక్కు పెట్టండి. ఫోన్ అలారం మోగిన చోటే ఆపేస్తాం, మాత్ర వంటింట్లో ఉంటుంది. టిక్కు మాత్రం వేసుకున్నాకే పడుతుంది. నెలాఖరున టిక్కులూ ఖాళీ స్ట్రిప్పులూ సరిపోవాలి. సంక్రాంతికి, దసరాకు ఊరెళ్లినప్పుడు లెక్క తప్పడం మామూలు. ఇంట్లో ఎప్పుడూ పది రోజుల మాత్రలు అదనంగా ఉండేలా కొనండి, ప్రయాణంలో వాటిని చేతిసంచిలో పెట్టుకోండి. మే నెలలో ఆపిన కారు డ్యాష్‌బోర్డులో వదిలేస్తే పాడవుతాయి, 30 డిగ్రీలు దాటని చోట ఉంచాలి.

ఉపవాసాలు ఇమాటినిబ్‌కు అడ్డం కాదు. రంజాన్‌లో ఇఫ్తార్ తర్వాత చేసే భోజనంతో వేసుకోవచ్చు. కార్తిక సోమవారం నక్షత్రం చూసి తినే భోజనంతో వేసుకోవచ్చు. అయితే ఆ నెలలో ప్రతిరోజూ అదే వేళ పాటించండి. శివరాత్రి లాంటి పూర్తి ఉపవాసమైతే మాత్రం ఆ రోజు తినాల్సిందే. ఇమాటినిబ్‌కు బదులు ఇచ్చే నిలోటినిబ్ వాడేవాళ్ల లెక్క వేరు. అది 12 గంటలకోసారి, ఖాళీ కడుపుతో, ముందు 2 గంటలు, తర్వాత గంట ఏమీ తినకుండా వేసుకోవాలి. తిండితో కలిస్తే రక్తంలో మందు మోతాదు మించిపోయి గుండె లయ మీద ప్రభావం పడుతుంది. ఇమాటినిబ్ నుంచి నిలోటినిబ్‌కు మారినవాళ్లు పాత అలవాటుతో అన్నం తిని వేసుకోవడం చాలాచోట్ల జరిగే పొరపాటు, ప్రమాదకరమైనది కూడా. అలాంటిదే మరో మందు డాసాటినిబ్ రోజుకు 100 మి.గ్రా., తిని వేసుకున్నా తినక వేసుకున్నా ఒకటే. కానీ దాంతో ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు వాడితే మందు ఒంటికి పట్టదు. జెలుసిల్ లాంటి యాంటాసిడ్‌కు అటూ ఇటూ 2 గంటల ఎడం ఉండాలి. మన ఇళ్లలో గ్యాస్ మాత్రను మందుగా లెక్కేయరు, డాక్టరుకు చెప్పరు. చెప్పాలి.

ఏ మందు కలిస్తే ఏమవుతుంది

ఈ మాత్రలను లివర్‌లోని ఒకే ఎంజైమ్ కరిగిస్తుంది. ఆ ఎంజైమ్‌ను రెచ్చగొట్టే మందు వేస్తే ఇమాటినిబ్ తగ్గిపోతుంది, అణచే మందు వేస్తే పెరిగిపోతుంది. మన దగ్గర అందరికంటే పెద్ద విలన్ టీబీ మందు రిఫాంపిసిన్. అది ఇమాటినిబ్ మోతాదును ఒంట్లో దాదాపు నాలుగో వంతుకు పడేస్తుంది. అప్పుడు మాత్రలు రోజూ వేసుకుంటున్నా పీసీఆర్ (రక్తంలో జబ్బు ఎంత మిగిలిందో చూపే పరీక్ష) అంకె పెరుగుతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. టీబీ మందు రాసే డాక్టరు వేరు, క్యాన్సర్ డాక్టరు వేరు అయినప్పుడు ఈ సంగతి మధ్యలో జారిపోతుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమాజెపైన్ కూడా ఇంతే. క్లారిత్రోమైసిన్, ఇట్రాకొనజోల్ వ్యతిరేక దిశలో మోతాదు పెంచుతాయి. తామరకు వారాల తరబడి ఇట్రాకొనజోల్ రాయడం మన దగ్గర మామూలే, కాబట్టి చర్మం డాక్టరుకు కూడా మీ మాత్ర పేరు చెప్పండి.

పండ్లలో పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ మానేయండి, అవి కూడా ఆ ఎంజైమ్‌ను అణుస్తాయి. బత్తాయి, కమలాల మీద ఈ నిషేధం లేదు. జబ్బు తగ్గిస్తామనే పసర్లు, పొడులు, భస్మాలు వద్దు. వాటిలో ఏముందో అమ్మేవాడికే తెలియదు. లివర్ దెబ్బతింటే ఆపాల్సి వచ్చేది మాత్ర.

ఇబ్బందులు: ఏవి మామూలు, ఏవి కాదు

పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బు చాలామందికి వస్తుంది. ఉప్పు తగ్గించి, తలగడ ఎత్తుగా పెట్టుకుంటే కొంత తగ్గుతుంది. వారానికి ఒకే రోజు, ఒకే బరువు యంత్రం మీద చూసుకోండి. రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టు, ఫోన్ చేయండి. పిక్కలు, చేతివేళ్లు పట్టేయడం రాత్రిపూట ఎక్కువ. నీళ్లు సరిగ్గా తాగండి, పడుకునే ముందు పిక్కలు సాగదీయండి, కాల్షియం, మెగ్నీషియం పరీక్ష చేయించండి. కంటి తెల్లగుడ్డులో ఉన్నట్టుండి రక్తపు మరక పడితే భయం వేస్తుంది గానీ చూపు బాగుండి, నొప్పి లేకపోతే సాధారణంగా అదే పోతుంది.

చర్మం రంగు తేలిపోవడం మనలాంటి ఛాయ ఉన్నవాళ్లలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చూసినవాళ్లు బొల్లి అంటారు. ఇమాటినిబ్ అడ్డుకునే ప్రోటీన్లలో ఒకటి చర్మానికి రంగునిచ్చే కణాలకు కూడా అవసరం, అందుకే ఇలా అవుతుంది. బొల్లి అనుకుని, లేదా చుట్టాల మాటలు పడలేక మాత్ర మానేసేవాళ్లున్నారు. ఎండకు కాపాడుకుంటూ వాడడమే దీనికి దారి.

మొదటి నెలల్లో కణాలు బాగా పడిపోవచ్చు. అందుకే మొదట్లో రెండు వారాలకోసారి సీబీపీ. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు 1,000 కంటే, లేదా ప్లేట్‌లెట్లు 50,000 కంటే తగ్గితే సాధారణంగా మందు ఆపి, 1,500, 75,000 దాటాక మళ్లీ మొదలుపెడతారు. ఆపేది, మొదలుపెట్టేది డాక్టరు. వానాకాలంలో జ్వరంతో ప్లేట్‌లెట్లు పడిపోతే మాత్ర మీదకు నెట్టేయకుండా డెంగ్యూ పరీక్ష చేయించండి. జ్వరానికి పారాసిటమాల్ మితంగా, డాక్టరు చెప్పిన మోతాదులో వాడండి. ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ జోలికి పోకండి. డాసాటినిబ్ వాడుతూ ఆయాసం, పొడి దగ్గు మొదలైతే ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందేమో చూడాలి, ఛాతీ ఎక్స్‌రే వెంటనే తీయించండి. కళ్లు పచ్చబడినా, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం వచ్చినా, ఎముకల నొప్పితో ప్లీహం మళ్లీ పెరిగినా తెల్లారేదాకా ఆగొద్దు.

పీసీఆర్ రిపోర్టు చదవడం

ఎక్కువ అపోహలు ఉన్నది ఇక్కడే. బీసీఆర్-ఏబీఎల్ 35 శాతం అని ఉంటే రక్తంలో 35 శాతం క్యాన్సర్ అని కాదు. అది అంతర్జాతీయ కొలమానం మీద పెట్టిన గుర్తు. ఆ కొలమానంలో 100 అనేది కొత్తగా జబ్బు బయటపడినవాళ్ల సగటును బట్టి ఖాయం చేసిన ఆధారం. రిపోర్టు మీద అంకె పక్కన ఆ కొలమానానికి గుర్తుగా ఐఎస్ అని ఉండాలి. అది లేకపోతే ఆ అంకెను ఈ కింది మైలురాళ్లతో పోల్చకూడదు.

చికిత్స మొదలై 3 నెలలకు 10 లేదా తక్కువ, 6 నెలలకు 1 లేదా తక్కువ, 12 నెలలకు 0.1 లేదా తక్కువ. యూరప్ నిపుణుల బృందం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్న లెక్క ఇదే. 6 నెలలకు 10 దాటి ఉన్నా, 12 నెలలకు 1 దాటి ఉన్నా మందు విఫలమైనట్టు. 3 నెలలకు 10 దాటితే ఒకటి నుంచి మూడు నెలల్లో మళ్లీ చూసి తేల్చుకుంటారు. మధ్యలో ఉన్నవి హెచ్చరిక. 0.1ని ఎంఎంఆర్ అంటారు, 0.01ని ఎంఆర్4, 0.0032ని ఎంఆర్4.5. ఎంఎంఆర్ వచ్చేదాకా 3 నెలలకోసారి, నిలకడగా ఉన్నాక 3 నుంచి 6 నెలలకోసారి పరీక్ష.

చిన్న హెచ్చుతగ్గులకు గుండెలు బాదుకోవద్దు. అదే రక్తాన్ని రెండుసార్లు చూసినా అంకె రెండింతల దాకా తేడా రావొచ్చు. 0.04 పోయి 0.07 వస్తే అది పెరుగుదల అనలేం. అదే 0.04 నుంచి 0.6కు పోతే, ఎంఎంఆర్ చేజారితే, నెలలో మళ్లీ చేయించాలి. ఈలోపు స్ట్రిప్పులు లెక్కపెట్టాలి, కొత్తగా ఏ మందులు కలిశాయో చూడాలి. రెండూ సరిగ్గా ఉండి కూడా అంకె పెరిగితే అప్పుడు మ్యుటేషన్ పరీక్ష, అంటే బీసీఆర్-ఏబీఎల్‌లో కొత్త మార్పులు వెతికే పరీక్ష. అందులో టీ315ఐ అని వస్తే ఇమాటినిబ్, నిలోటినిబ్, డాసాటినిబ్ మూడూ పనిచేయవు. పొనాటినిబ్, అసిమినిబ్ లాంటి మందుల దాకా, కొందరికి మూలుగ మార్పిడి దాకా వెళ్లాలి.

"కనబడలేదు" అనే మాట కింద కంట్రోల్ జన్యువు (నమూనా బాగుందో లేదో చూపే ఏబీఎల్ జన్యువు) కాపీల సంఖ్య ఉందో చూడండి. ఎంఆర్4 అనడానికి కనీసం 10,000, ఎంఆర్4.5 అనడానికి 32,000 ఏబీఎల్ కాపీలు ఉండాలి. 2,000 మాత్రమే ఉన్న నమూనాలో కనబడకపోవడం అంటే చీకట్లో వెతికినట్టు. అలాంటి నమూనాలు ఎక్కువగా దారిలో పాడైనవి. వెతికే ఆర్‌ఎన్‌ఏ గంటల్లో శిథిలమవుతుంది. రక్తం ఊదారంగు మూత ఉన్న ట్యూబులో తీయాలి, ఆకుపచ్చ మూతదాంట్లో ఉండే హెపారిన్ పీసీఆర్‌ను చెడగొడుతుంది. 24 గంటల్లో పని మొదలవ్వాలి. ఖమ్మంలోనో ఆదిలాబాద్‌లోనో శనివారం సాయంత్రం ఇచ్చిన రక్తం సోమవారం హైదరాబాద్ ల్యాబ్‌కు చేరితే డబ్బు దండగ. చెకప్‌కు నగరానికి వచ్చిన రోజే, వారం మధ్యలో, ల్యాబ్‌కే వెళ్లి ఇవ్వండి. ప్రతిసారీ ఒకే ల్యాబ్ అయితే అంకెల మధ్య పోలికకు అర్థం ఉంటుంది.

హైదరాబాద్‌లో ఎక్కడ, ఖర్చు ఎలా

పంజగుట్ట నిమ్స్, రెడ్‌హిల్స్‌లోని ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, బంజారాహిల్స్ బసవతారకం ఆసుపత్రుల్లో రక్త క్యాన్సర్ డాక్టర్లు ఉన్నారు. నిమ్స్, ఎమ్‌ఎన్‌జేలకు వెళ్తే ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో ఆరోగ్యమిత్రను కలిసి మాత్రలకూ పీసీఆర్‌కూ ఏది వర్తిస్తుందో విడివిడిగా అడగండి. మాత్ర దొరికి, పరీక్ష సొంత డబ్బుతో చేయించుకోవాల్సి వస్తే ఆ ఖర్చును ఏడాదికి నాలుగుసార్లుగా ముందే లెక్కేసుకోవాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది.

సొంతంగా కొనేవాళ్లకు జనరిక్ మాత్రే ఆధారం. ఇమాటినిబ్ అమెరికాలో 2001లో అనుమతి పొందినప్పుడు నెల ఖర్చు మామూలు ఇంటికి అందనిది. నోవార్టిస్ అడిగిన పేటెంటును 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తిరస్కరించడంతో జనరిక్కులకు అడ్డు తొలగింది. ఆ కేసులో ఒక పక్షంగా నిలబడ్డ నాట్కో ఫార్మా మన హైదరాబాద్ కంపెనీయే. దాని మాత్ర పేరు వీనాట్. ఏ కంపెనీదైనా ఒకటి కుదిరాక నెలకొకటి మార్చకండి. మార్చాల్సి వస్తే తేదీ రాసుకుని, 3 నెలలకు పీసీఆర్ చూడండి. బిల్లు, బ్యాచ్ నంబరు దాచండి.

గర్భం, మందు ఆపడం

ఇమాటినిబ్ వాడుతూ గర్భం దాల్చకూడదు, గర్భంలో అవయవాలు ఏర్పడే వారాల్లో బిడ్డకు ప్రమాదం. పాలివ్వడమూ కుదరదు. నెల తప్పితే ఆ రోజే పరీక్ష చేసుకుని డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు ఆపి కూర్చోవద్దు. పిల్లలు కావాలనుకునేవాళ్లు రెండేళ్ల ముందు నుంచే ఆ మాట డాక్టరు చెవిన వేయాలి. జబ్బు ఎంత లోతుగా తగ్గిందన్న దాన్ని బట్టే మందు ఆపే వీలు ఉంటుంది.

మందు శాశ్వతంగా ఆపే ప్రయత్నం కొందరికే. కనీసం 5 ఏళ్లు ఇమాటినిబ్ వాడి, ఎంఆర్4 మూడేళ్లు, లేదా ఎంఆర్4.5 రెండేళ్లు నిలబడి ఉండాలి. జబ్బు ముదిరిన యాక్సిలరేటెడ్, బ్లాస్ట్ దశలు ఎప్పుడూ చూసి ఉండకూడదు. ఆపాక మొదటి 6 నెలలు నెలనెలా, తర్వాతి 6 నెలలు రెండు నెలలకోసారి, ఆపై 3 నెలలకోసారి పీసీఆర్ తప్పదు. రిపోర్టు వారాల తరబడి రాని ల్యాబ్ మీద ఆధారపడేవాళ్లు ఈ ప్రయత్నం పెట్టుకోకపోవడమే మంచిది. ఆపినవాళ్లలో సుమారు సగం మందికి జబ్బు తిరిగి కనిపిస్తుంది, అదీ ఎక్కువగా మొదటి 6 నెలల్లోనే. ఎంఎంఆర్ పోగానే మాత్ర మొదలుపెడితే దాదాపు అందరికీ మళ్లీ అదుపులోకి వస్తుంది. ఆపిన కొన్ని వారాలకు భుజాలు, మోకాళ్లు, నడుము నొప్పులు రావొచ్చు. అవి మందు మానడం వల్ల వచ్చేవి, కొన్ని నెలల్లో తగ్గుతాయి. వాటిని చూసి జబ్బు తిరగబెట్టిందని మాత్ర వేసేసుకోకండి, ఆ నెల పీసీఆర్ ఏం చెప్పిందో చూడండి.